రంగసామగ్రి తరలింపు (తెలుగు నాటకరంగం)

నాటకం ముగిశాక తెరలు దించి, రంగస్థలం విప్పి, సామానంతా మూటలుగా, పెట్టెలుగా సర్ది, మరో ఊరు చేర్చి అక్కడ మళ్లీ నిలబెట్టే వరకూ సాగే పనుల వరుసను రంగసామగ్రి తరలింపు అంటారు. ఒకే భవనంలో ఆడే నాటకశాలకు ఇది ఎప్పుడో గానీ రాని పని. ఊరూరా తిరిగే సమాజానికి మాత్రం బతుకుతెరువు దీని మీదే తిరుగుతుంది. తెలుగు నేల మీద ఈ పనిని తరతరాల కుటుంబ విద్యగా నిలుపుకున్నవారు సురభి నాటక సమాజాలవారు. పద్యనాటక బృందాలు, పరిషత్తు పోటీలకు వెళ్లే సమాజాలు, తోలుబొమ్మలాట కుటుంబాలు, ప్రజానాట్యమండలి దళాలు కూడా తమ అవసరాలను బట్టి వేర్వేరు పద్ధతులు ఏర్పరచుకున్నాయి.

తెలుగు నాటక చరిత్రలు రచయితలను, నటులను, పద్యం పాడిన తీరును వివరంగా నమోదు చేశాయి. సామాను మోసిన చరిత్రకు అందులో చోటు తక్కువ. ఆ లోటు చిన్నది కాదు. చుట్టి భుజానికెత్తుకోగల పరదా, ముక్కలుగా విడిపోయే వేదిక, పెట్టెలా ముడుచుకునే హార్మోనియం, ఇలా మన రంగస్థలం రూపురేఖలను చాలావరకు తీర్చిదిద్దింది ప్రయాణమే. తిరిగే నాటకానికి విప్పడం చివరి రోజు పని కాదు. కట్టే రోజునే, ముడి వేసేటప్పుడే, దాన్ని ఎలా విప్పాలన్న ఆలోచన మొదలవుతుంది.

పదజాలం

నాటక సమాజాల వాడుకలో ‘సీన్లు’ అంటే దృశ్యాలు చిత్రించిన పరదాలు. దర్బారు సీను, వీధి సీను, అడవి సీను, తోట సీను, అంతఃపురం సీను అని వాటికి పేర్లు. ఈ పరదాలూ వాటి వెంట ఉండే సరంజామా అంతా కలిపి ‘సీనరీ సామాను’. వేదికకు ఇరుపక్కలా నిలిపేవి ‘వింగులు’. పైన అడ్డంగా వేలాడుతూ తాళ్లనూ దీపాలనూ కనబడనీయకుండా చేసే గుడ్డ పట్టీలు ‘ఝాలర్లు’. గద, విల్లు, సింహాసనం వంటివి ‘ప్రాపర్టీలు’. దేవతలు గాలిలో ఎగరడం, బాణాలు ఢీకొని నిప్పులు రాలడం వంటి చమత్కారాలు ‘ట్రిక్కులు’. ఒక ఊళ్లో బస చేసి కొన్నాళ్లపాటు ఆడే కాలం ‘క్యాంపు’ లేదా ‘మకాం’. క్యాంపు ఎత్తేయడమంటే నాటకశాలతోపాటు కాపురాన్ని కూడా కదిలించడం. ఆంగ్ల నాటకరంగంలో రంగస్థలం విప్పే పనిని ‘స్ట్రైక్’ అంటారు. మన విశ్వవిద్యాలయాల రంగస్థల కళల శాఖల్లోనూ ఆ మాట వినిపిస్తుంది.

చారిత్రక నేపథ్యం

ఆధునిక తెలుగు నాటకం తొలి అడుగుల్లోనే సామాను తరలింపు ప్రస్తావన ఉంది. 1880లో ధార్వాడ నాటక సమాజం కోస్తా పట్టణాల్లో పర్యటిస్తూ రాజమహేంద్రవరం వచ్చింది. ఊళ్లో పాక వేసుకుని నాటకాలాడి, తెరలూ ఉడుపులూ కట్టుకుని వెళ్లిపోయింది. వాళ్లు విడిచివెళ్లిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘చమత్కార రత్నావళి’ ఆడించారు. ఒక సమాజం వెంట తీసుకుపోయినవి తెరలు, వదిలిపోయినది పాక. తిరుగుడు సమాజాల ఆర్థిక లెక్క అంతా ఈ విభజనలో కనిపిస్తుంది. వెల ఎక్కువై బరువు తక్కువైనది వెంట రావాలి. బరువై, ఏ ఊళ్లోనైనా దొరికేది అక్కడే ఉండిపోవాలి. తాటాకు, వెదురు, సరుగుడు గుంజలు ఎక్కడికక్కడ కొనుక్కోవచ్చు. చిత్రించిన పరదా అలా దొరకదు.

ఆనాటి దారులు కూడా సామాను పరిమాణాన్ని నిర్ణయించాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా కాలువలు సరుకు రవాణాకు రాజమార్గాలయ్యాయి. పడవలో బరువు సమస్య కాదు, తడి సమస్య. బెజవాడ నుంచి తూర్పు తీరం వెంట రైలు 1893లో నడిచింది. రాజమహేంద్రవరం వద్ద గోదావరి మీద హావ్‌లాక్ వంతెన 1900లో అందుబాటులోకి వచ్చింది. అంతవరకు నది దాటే ప్రతి మూటా ఒకసారి పడవలోకి దిగి, మళ్లీ ఒడ్డుకు ఎక్కవలసిందే. ఎన్నిసార్లు చేతులు మారితే సామాను అన్నిసార్లు దెబ్బతినే వీలుంది. రాయలసీమలో పరిస్థితి వేరు. కడప మీదుగా వెళ్లే మద్రాసు – బొంబాయి రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద కలిసింది. అయినా స్టేషను నుంచి ఊరికి ఎడ్లబండే దిక్కు.

ఈ నేపథ్యంలోనే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచక వధ’ ప్రదర్శితమైంది. బొమ్మలాట వృత్తిగా గల మరాఠీ మూలాల కుటుంబాలు నాటకంలోకి అడుగుపెట్టిన సందర్భం అది. ఊరూరా తిరగడం వారికి అప్పటికే తెలిసిన జీవితం. బొమ్మల బుట్ట మోసిన కుటుంబం పరదాల మూట మోయడానికి కొత్తగా నేర్చుకోవలసింది పరిమాణమే. సంతానం పెరిగిన కొద్దీ కుటుంబాలు కొత్త సమాజాలుగా విడిపోయాయి. ఒక దశలో ముప్పైకి పైగా సురభి సమాజాలు తెలుగు జిల్లాల్లో తిరిగాయి. సమాజం విడిపోవడమంటే నటులు విడిపోవడమే కాదు, కొత్త సమాజానికి మరో జత సీన్లు, మరో జత ఉడుపులు, మరో నాటకశాల సమకూరాలి.

సామగ్రి స్వరూపం

పెద్ద తిరుగుడు సమాజం వెంట నడిచే సామానును అయిదు వర్గాలుగా చూడవచ్చు. మొదటిది నాటకశాల: గుంజలు, వెదుళ్లు, రేకులు లేదా టార్పాలిన్లు, వేదిక బల్లలు, ప్రేక్షకుల కుర్చీలు, చాపలు. రెండోది సీనరీ: పరదాలు, వింగులు, ఝాలర్లు, వాటి తాళ్లు, కప్పీలు. మూడోది ఉడుపులు, నగలు, కిరీటాలు, విగ్గులు, రంగుల పెట్టె, ప్రాపర్టీలు. నాలుగోది దీపాలు, మైకులు, వైర్లు, జనరేటర్. అయిదోది సంసారం: వంటపాత్రలు, పరుపులు, పిల్లల పుస్తకాలు. సురభివారిలో యాభై అరవై మంది ఒకే సమాజంగా, ఒకే కుటుంబంగా బతికారు కాబట్టి అయిదో వర్గం మిగిలిన నాలుగింటికి తీసిపోయేది కాదు.

ఈ వర్గాల్లో ప్రతిదానికీ శత్రువు వేరు. గుంజకు చెద, పరదాకు తడి, కిరీటానికి ఒత్తిడి, దీపానికి కుదుపు, హార్మోనియానికి తేమ. మూట కట్టే విద్య అంటే ఏ వస్తువుకు ఏది శత్రువో ఎరిగి, దాన్ని దూరంగా ఉంచడమే.

విప్పే క్రమం

విప్పడం దాదాపుగా కట్టిన క్రమానికి వెనకవైపు నడక. అయితే మొదట కదిలేది వేదిక కాదు, చిన్న వస్తువులు. ఆఖరి రంగం ముగిసి మంగళహారతి పాడగానే నగలు, కత్తులు, గదలు, కమండలాలు లెక్కపెట్టి పెట్టెల్లోకి చేరతాయి. జనం వేదిక చుట్టూ మూగే ఆ కాసేపట్లోనే చిన్నవి మాయమవుతాయి. రెండో దశలో కరెంటు ఆపి, దీపాలు చల్లబడేవరకు ఆగి, వాటిని దించుతారు. మూడో దశలో ట్రిక్కుల తీగలు విప్పుతారు. పైన తీగ ఉండగా పరదా దించితే చిరుగు తప్పదు కాబట్టి ఈ వరుస తప్పకూడదు. ఆ తరువాత ఝాలర్లు, పరదాలు, వింగులు. చివరికి వేదిక బల్లలు, వాటి కింద కాళ్లు, నాటకశాల పైకప్పు, గుంజలు.

పరదాల పైతాళ్లకు జారుముడి వేయడం తిరుగుడు సమాజాల ఆనవాయితీ. బరువు మోస్తున్నంతసేపూ బిగిసి ఉండి, కొస పట్టి లాగగానే ఊడివచ్చే ముడి అది. ముడి విప్పలేక తాడు కోయాల్సివస్తే తరువాతి ఊళ్లో ఆ తాడు పొట్టిదవుతుంది. రెండు మూడు ఊళ్లు గడిచేసరికి పనికిరాకుండా పోతుంది. తాళ్లను విప్పిన వెంటనే మోచేతికి చుట్టి, మధ్యలో కట్టి, వాటి పొడవును బట్టి వేర్వేరు గోనెసంచుల్లో వేస్తారు. చిక్కుపడిన తాడు మరుసటి మకాంలో ఒక పూట పనిని మింగేస్తుంది.

పని విభజనలో నటుడు వేరు, కూలీ వేరు అన్న తేడా సురభి సమాజాల్లో లేదు. రాత్రి కృష్ణుడి వేషం వేసినవాడు తెల్లవారి గుంజ ఎక్కుతాడు. ద్రౌపది వేషం వేసిన ఆమె ఉడుపులు మడత పెడుతుంది. మేకులు ఏరి డబ్బాలో వేయడం పిల్లల పని. పిల్లలకు సమాజం అప్పగించే తొలి బాధ్యతల్లో ఇదొకటి. రంగస్థలంలో ఏ వస్తువు ఎక్కడుంటుందో వాళ్లు అలాగే నేర్చుకుంటారు. బయటి కూలీలను పెట్టుకున్నా, పరదాలు, ట్రిక్కుల పెట్టె మాత్రం ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

పరదాలు చుట్టడం

పరదా తిరుగుడు సమాజానికి ప్రాణం లాంటి ఆస్తి. గుడ్డ మీద రంగుపొడుల్లో వజ్రం బంక కలిపి చిత్రించిన పాత పరదాల్లో రంగును గుడ్డకు పట్టి ఉంచేది ఆ బంకే. ఎండితే పెళుసుబారుతుంది, తడిస్తే కరుగుతుంది. అందువల్ల ఇలాంటి పరదాను చీరలా మడత పెట్టకూడదు. మడత పడిన చోట రంగు పగిలి రాలిపోతుంది. పది ఊళ్లు తిరిగేసరికి దర్బారు స్తంభాల మీద అడ్డంగా తెల్లని గీతలు తేలతాయి.

అందుకే పరదాను కర్రకు చుడతారు. అడుగున అడ్డంగా గుండ్రని కర్ర లేదా లావుపాటి వెదురు ఉంటుంది. ప్రదర్శనలో పరదాను నిటారుగా సాగదీసే బరువూ అదే, ప్రయాణంలో దాన్ని చుట్టుకునే ఇరుసూ అదే. ఒక వస్తువు చేత రెండు పనులు చేయించే ఈ ఆలోచనలో తిరుగుడు నాటకం తెలివి అంతా ఉంది. చుట్టేటప్పుడు ఇద్దరు రెండు కొసల్లో ఒకే వేగంతో తిప్పాలి. ఒకరు ముందుపడితే గుడ్డ ఏటవాలుగా చుట్టుకుని, లోపల ముడతలు పడతాయి. మధ్యలో ఒకరు నిలబడి అరచేతితో గుడ్డను సాపు చేస్తూ, అంటుకున్న మేకులు, ముళ్లు, పిన్నులు తీసేస్తుంటారు. చుట్టిన పరదాకు పైన పాత దుప్పటి, ఆ పైన తడి సోకని పట్టా. రెండు చివరలకు గుర్తు గుడ్డలు కడతారు. చీకట్లో, వానలో, చదువు రానివారి చేతిలో కూడా ఏది అడవి, ఏది వీధి అన్నది ఆ గుర్తును బట్టే తెలియాలి.

పరదాలను వరుసలో కట్టడానికీ పద్ధతి ఉంది. మొదటి నాటకానికి ముందుగా అవసరమైన సీను మూటలో పైన ఉండాలి. సాయంత్రానికల్లా తెర లేపాలంటే మధ్యాహ్నం కట్ట విప్పి వెతుక్కునే తీరిక ఉండదు. తడిసిన పరదాను చుట్టి పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. రంగు పరదా వెనకకు అంటుకుని, విప్పినప్పుడు బొమ్మతో సహా ఊడివస్తుంది. ఆరేవరకు ప్రయాణం ఆపుకున్నా నష్టం తక్కువే.

నైలాన్, ప్లాస్టిక్ రంగుల పరదాలు వచ్చాక ఈ భయాలు కొంత తగ్గాయి. మడత పెట్టగల పరదా లారీలో చోటు కూడా ఆదా చేస్తుంది. అయితే పాత వజ్రం రంగుల లోతు, దీపం వెలుగులో వాటి మెత్తదనం కొత్త గుడ్డ మీద రావు.

ట్రిక్కు సామాను

సురభి పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేవి ట్రిక్కులు. ‘మాయాబజార్’, ‘పాతాళ భైరవి’ వంటి నాటకాల్లో మేఘాల్లోంచి నారదుడు దిగిరావడం, ఎదురెదురు బాణాలు గాలిలో తాకి నిప్పులు చిమ్మడం, రాక్షసుడు ప్రత్యక్షమవడం ప్రేక్షకుల్ని మళ్లీ మళ్లీ రప్పించాయి. ఇవన్నీ సన్నని ఉక్కు తీగలు, కప్పీలు, ప్రతిబరువులు, ఝాలర్ల చాటున నిలబడ్డ మనుషుల చేతులు కలిసి చేసే పనులు.

తీగకు మెలిక ప్రాణాంతకం. ఒకసారి మెలిక పడిన చోట ఉక్కు బలహీనపడుతుంది. సాగదీసి సరిచేసినా పాత బలం రాదు, అక్కడే తెగుతుంది. మనిషిని మోసే తీగను పెద్ద చక్రం మీదనో, గుండ్రంగా వెడల్పాటి చుట్టగానో చుట్టాలి గానీ, చేతికి చిన్న చుట్టలుగా చుట్టకూడదు. విప్పేటప్పుడు గుడ్డతో తుడుస్తూ పోతే, పోగు లేచిన చోట గుడ్డకు చిక్కుకుని తెలిసిపోతుంది. తుప్పు పట్టకుండా నూనె రాస్తారు. కప్పీలను వేరే పెట్టెలో, తీగలను వేరే పెట్టెలో ఉంచుతారు. మనిషిని ఎత్తే సామాను, వస్తువులను ఎత్తే సామాను ఎన్నడూ కలవకూడదు. ట్రిక్కు రహస్యం బయటపడకూడదన్నది వ్యాపార కారణం. మూత వేసిన పెట్టెలో, ఇంటివాళ్ల చేతుల్లో అది ప్రయాణించడానికి ప్రాణ భద్రత కూడా అంతే బలమైన కారణం.

మందుగుండు సామగ్రిని ప్రయాణంలో వెంట తీసుకుపోకపోవడమే క్షేమం. రైల్లో అది నిషిద్ధం. లారీలోనూ గుడ్డ, వెదురు, నూనెల పక్కన దాన్ని ఉంచడం ప్రమాదం. ఏ ఊరికి అవసరమైనది ఆ ఊళ్లో సమకూర్చుకోవాలి.

ఉడుపులు, కిరీటాలు, వాద్యాలు

చెమటతో తడిసిన ఉడుపును అలాగే పెట్టెలో పెడితే జరీ నల్లబడుతుంది, గుడ్డ బూజు పడుతుంది. రాత్రే తిరగేసి ఆరేసి, ఉదయం మడత పెట్టడం అలవాటు. పురుగు పట్టకుండా కర్పూరం లేదా ఎండిన వేపాకు వేస్తారు. పెట్టె ఒక్కో పాత్రకు ఒకటి కావచ్చు, ఒక్కో నాటకానికి ఒకటి కావచ్చు. రోజుకో నాటకం ఆడే సమాజానికి నాటకం వారీ పెట్టే వీలు. ఆ పూటకు ఒకే పెట్టె తెరిస్తే చాలు.

కిరీటాలు, భుజకీర్తులు తేలిక కర్రతో, అట్టతో, అద్దపు ముక్కలతో, తళుకు కాగితంతో చేసినవి. చూడటానికి బరువైన బంగారం, చేతికి పిట్టంత బరువు. ఒకదాన్లో ఒకటి దూర్చకుండా, మధ్యలో పాత గుడ్డ కుక్కి, నిటారుగా పెట్టె అడుగున అమరుస్తారు. వాటి మీద మరో బరువు పెట్టరు. విగ్గును దువ్వి, గుండ్రని మూస మీద గానీ గుడ్డ ఉండ మీద గానీ నిలిపి కడితేనే ఆకారం నిలుస్తుంది.

వాద్యాల్లో లెగ్ హార్మోనియం తిరుగుడు నాటకానికి చేసిన మేలు చిన్నది కాదు. కాళ్లతో తొక్కే ఈ వాద్యం విప్పితే బల్లంత ఎత్తున నిలుస్తుంది, ముడిస్తే పెట్టెగా మారుతుంది. దాని రీడ్లకు తేమ పడదు. తిత్తులు మూసి, చిలుకులు బిగించి, నిలువుగా నిలబెట్టి మోయాలి. తబలా, మృదంగాల మూతలను ఎండకూ వానకూ దూరంగా, మెత్తని సంచుల్లో ఉంచి, వాద్యకారులే తమ వెంట తీసుకువెళ్తారు. లారీలో వేసేవి కావు అవి.

దీపాలు, ధ్వని

నూనె దీపాలు, పెట్రోమాక్స్ లైట్ల కాలంలో సామాను తక్కువ, ప్రమాదం ఎక్కువ. పెట్రోమాక్స్ మాంటిల్ బూడిదలాంటి పదార్థం. కుదుపుకు రాలిపోతుంది కాబట్టి ప్రతి ఊళ్లో కొత్తది వేసుకోవాల్సిందే. గాజు చిమ్నీలను గడ్డిలో పొదిగి తీసుకుపోయేవారు. విద్యుత్తు వచ్చాక లెక్క తిరగబడింది. 1000 వాట్ల పార్ దీపాలు, డిమ్మర్లు, చుట్టల కొద్దీ కేబుల్, మైకు సెట్టు కలిసి సీనరీతో సమానమైన బరువు తెచ్చిపెట్టాయి.

దీపం ఆరిన వెంటనే దించకూడదన్నది ఈ విభాగంలో మొదటి నియమం. వేడెక్కిన ఫిలమెంటు మెత్తగా ఉంటుంది. ఆ స్థితిలో కుదుపు తగిలితే తెగిపోతుంది. హాలోజన్ బల్బును వట్టి చేత్తో తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువగా వేడెక్కి పగిలే వీలుంది. కేబుల్‌ను ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందినుంచి మార్చి మార్చి చుడితే లోపలి తీగ మెలి తిరగదు. ఎల్‌ఈడీ దీపాలు రావడంతో బరువు, వేడి, కరెంటు అవసరం మూడూ తగ్గాయి. దాంతో జనరేటర్ పరిమాణం కూడా చిన్నదైంది.

ఎక్కింపు, రవాణా

లారీ ఎక్కింపుకు ఒకే సూత్రం: ఆఖరున కావలసినది ముందు ఎక్కాలి, ముందు కావలసినది ఆఖరున ఎక్కాలి. కొత్త ఊరు చేరగానే మొదట దిగవలసినవి గడ్డపారలు, సుత్తులు, గుంజలు, పైకప్పు. వాటితోపాటు వంటపాత్రలు, ఎందుకంటే ముందు అందరూ తినాలి. కాబట్టి ఇవి లారీ తలుపు దగ్గర ఉంటాయి. ఉడుపుల పెట్టెలు, ప్రాపర్టీలు లోపలి గోడకు చేరతాయి. అడుగున బరువైన బల్లలు పరిచి, వాటి మీద పెట్టెలు, పైన పొడవునా పరదాల కట్టలు ఉంచుతారు. పరదా మీద పెట్టె పెడితే కర్ర వంగుతుంది. వంగిన కర్రకు పరదా సమంగా చుట్టుకోదు. బరువు రెండు పక్కలా సమంగా లేకపోతే మలుపుల్లో లారీ ఒరుగుతుంది. సందుల్లో పరుపులు, చాపలు కుక్కుతారు. సంసారం సామాను అలా సీనరీకి దిండుగా పనిచేస్తుంది.

ఎడ్లబండ్ల రోజుల్లో వెదుళ్ల పొడవే పెద్ద సమస్య. బండి వెనక బారెడు దూరం పొడుచుకువచ్చే వెదురు కట్టకు ఎర్రగుడ్డ కట్టి నడిపించేవారు. రైల్లో వెళ్లినప్పుడు స్టేషను దాకా బండి, స్టేషను నుంచి మళ్లీ బండి. లారీ రాకతో ఈ చేతుల మార్పు పోయి, ఒక్క రాత్రిలో క్యాంపు మారడం సాధ్యమైంది. వానాకాలంలో మట్టిదారులు, తడిసే పరదాలు, రాని జనం మూడూ కలిసి రావడంతో సమాజాలు పెద్ద ప్రయాణాలు మానుకుని, ఆ నెలలను సామాను మరమ్మతుకు, పరదాలను తిరిగి చిత్రించడానికి వాడుకునేవి.

నేటి రవాణాలో కాగితాలు కూడా సామానులో భాగం. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య రూ. 50,000 దాటిన సరుకుల కదలికకు ఈ-వే బిల్లు విధానం వచ్చింది. అమ్మకానికి కాక సొంత వాడకానికి తీసుకువెళ్లే సామానుకు వస్తువుల జాబితాతో డెలివరీ చలానా ఉంటే దారిలో తనిఖీ సులువవుతుంది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిన తరువాత హైదరాబాద్ నుంచి గుంటూరుకు వెళ్లే నాటకం కూడా రాష్ట్రం దాటే నాటకమే. జాబితా రాసుకోవడం అందువల్ల ఇంకా అవసరమైంది.

తేలిక సామాను సంప్రదాయాలు

అన్ని నాటకాలూ లారీ కోరవు. తోలుబొమ్మలాటలో రంగస్థలమంతా నాలుగు కర్రలు, ఒక తెల్ల గుడ్డ, ఒక దీపం. నిలువెత్తు బొమ్మల కీళ్లను ముడిచి, చదునుగా ఒకదాని మీద ఒకటి పేర్చి వెదురు బుట్టలోనో పెట్టెలోనో ఉంచుతారు. తోలు తేమకు వంకర్లు పోతుంది కాబట్టి వాటిని చదునుగా ఉంచడమే ముఖ్యం. ఆడించే కుటుంబం వాటిని తలమీద పెట్టుకుని నడిచిపోగలదు. సురభివారి పూర్వీకులకు ఈ విద్య తెలుసు. చదునుగా ఉండే చిత్రంతో లోకాన్ని సృష్టించడం బొమ్మకూ పరదాకూ ఉమ్మడి గుణం.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి తేలికదనాన్ని ఉద్దేశపూర్వకంగా ఎంచుకుంది. బుర్రకథకు ముగ్గురు మనుషులు, తంబుర, డక్కీలు చాలు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ని 1947 నాటికి పలు దళాలు ఊళ్లలో ఆడగలగడానికి కథ బలంతోపాటు సామాను తక్కువ కావడమూ కారణమే. ఊరివాళ్ల నాగలి, ఊరివాళ్ల మంచం, ఊరివాళ్ల గొంగళి వేదిక మీదికి వస్తే మోయవలసింది మిగలదు. నిర్బంధం ఉన్న కాలంలో త్వరగా చేరడం, త్వరగా చెదిరిపోవడం నాటకానికి ప్రాణరక్షణ కూడా అయింది.

పోటీ నాటకాలు, అద్దె సామాను

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడి పోటీల సంప్రదాయం బలపడ్డాక మరో రకం తరలింపు పుట్టింది. పరిషత్తు వేదిక మీద ఒకే రాత్రి ఒకదాని వెంట ఒకటిగా నాటికలు సాగుతాయి. ముందు బృందం విప్పేలోగా తరువాతి బృందం కట్టాలి. ఇక్కడ రోజులు కాదు, నిమిషాలు లెక్క. ఇంటి గోడ, గుమ్మం, కిటికీ చూపే ఫ్లాట్లను కీలుతో మడతపడేలా చేయడం, పిన్ను లాగితే విడిపోయేలా బిగించడం ఈ అవసరం నుంచి వచ్చాయి. ప్రతి వస్తువు దిగవలసిన చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకుని, ఎవరు ఏది ఎత్తాలో ముందే పంచుకుంటారు.

పద్యనాటక బృందాలు చాలావరకు సొంత సీనరీ పెట్టుకోవు. పరదాలు, ఉడుపులు, దీపాలు అద్దెకు ఇచ్చే సప్లయర్లు వాటిని ఊరికి తెచ్చి, కట్టి, తెల్లవారాక తీసుకుపోతారు. నటులు తమ మేకప్ పెట్టె, ఒక జత ఉడుపులతో బస్సు దిగుతారు. ఈ ఏర్పాటు ఖర్చు తగ్గించింది. పండుగల కాలంలో ఒకే సప్లయరు ఒకే రాత్రి ఎన్నో ఊళ్లకు సామాను పంపవలసి రావడంతో పరదాల మీద అరుగుదల కూడా పెరిగింది.

దేశం దాటే ప్రయాణాలు

విదేశీ ప్రదర్శనల్లో ఓడ కంటెయినర్, విమానం రెండే దారులు. సురభి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 2013లో ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరంలో ప్రదర్శనలిచ్చింది. అదే ఏడాది ఆ మండలి సారథి రేకందార్ నాగేశ్వరరావు (సురభి బాబ్జీ)కి పద్మశ్రీ లభించింది.

దేశం దాటే సీనరీకి రెండు నిబంధనలు ముఖ్యం. మొదటిది సుంకం. తిరిగి తెచ్చుకునే సామానుకు సుంకం లేకుండా తాత్కాలికంగా ప్రవేశం కల్పించే ‘ఏటీఏ కార్నే’ పత్రం 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం ద్వారా వచ్చింది. భారతదేశంలో దీన్ని ఫిక్కీ జారీ చేస్తుంది. జాబితాలో రాసిన ప్రతి గదా, ప్రతి కిరీటమూ తిరిగి రావాలి. రెండోది చెక్క. పురుగులు దేశాలు దాటకుండా 2002లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చెక్కపెట్టెల లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండి, దాని ముద్ర పడాలి. ఊళ్లో వడ్రంగి చేసిన పెట్టెకు ఈ ముద్ర ఉండదు.

ప్రవాస తెలుగు సంఘాల వేడుకలకు వెళ్లే చిన్న బృందాలు సాధారణంగా ఉడుపులు, నగలు మాత్రమే విమానంలో తీసుకువెళ్తాయి. సింహాసనం, ఫ్లాట్లు అక్కడి తెలుగువారే తయారుచేసిపెడతారు. ధార్వాడవారు పాక వదిలి తెరలు తీసుకెళ్లిన లెక్కే మరో రూపంలో కనిపిస్తుంది.

భద్రత

విప్పే రాత్రి కట్టిన రోజుకంటే ప్రమాదకరం. నటులు అలసి ఉంటారు, నిద్ర ముంచుకొస్తుంది, తెల్లవారేసరికి లారీ కదలాలన్న తొందర ఉంటుంది. పైనున్నవాడు తాడు వదిలే ముందు గట్టిగా కేక వేయడం, కిందివాళ్లు బదులు పలికాకే వదలడం, చెప్పుల్లేకుండా వేదిక మీదికి రాకపోవడం, మెయిన్ ఆపిన మనిషి అక్కడే నిలబడి ఉండటం, పీకిన మేకును నేల మీద వదలకపోవడం కనీస జాగ్రత్తలు. పైకప్పును ఎప్పుడూ గాలివాటం చూసి, గాలి వచ్చే వైపు నుంచి కాక ఎదురువైపు నుంచి వదులు చేయాలి. లేకపోతే గుడ్డ తెరచాపలా ఉబ్బి గుంజలను లాగేస్తుంది. నిద్రపోయిన పిల్లలను పరదాల కట్టల మధ్య పడుకోబెట్టకూడదు. లారీ కదిలే ముందు తలలు లెక్కపెట్టడం పెట్టెలు లెక్కపెట్టినంత ముఖ్యం.

నేటి స్థితి

సినిమా, టీవీల తరువాత తిరుగుడు సమాజాలు తగ్గి, సురభి సమాజాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 1937లో మొదలైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి హైదరాబాద్‌లో స్థిరపడింది. నగర శివారు శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఆ కుటుంబాలు ఇళ్లు కట్టుకున్నాయి. పిల్లలు ఒకే బడిలో చదువు పూర్తి చేసుకోగలగడం, పెద్దలకు వైద్యం అందడం స్థిరవాసం ఇచ్చిన మేలు. ఆ మేలును ఎవరూ కాదనకూడదు. నాటకం నిలవడానికి మనుషులు ముందు నిలవాలి.

అదే సమయంలో క్యాంపు మార్పులు అరుదైన కొద్దీ చేతుల్లోని విద్య పలచబడుతోంది. పరదాను ఏటవాలు పడకుండా చుట్టడం, తీగ పోగును గుడ్డతో పట్టుకోవడం, చీకట్లో ముడి విప్పడం పుస్తకం చదివి వచ్చేవి కావు. ఈ విద్య ఇప్పటికీ గుర్తున్న పెద్దలు ఉన్నారు. ఒక పూర్తి క్యాంపు విప్పడాన్ని మొదటి పెట్టె నుంచి ఆఖరి గుంజ దాకా చిత్రీకరించడం, ముడులను పేర్లతో బొమ్మలు గీసి ఉంచడం, లారీ ఎక్కింపు వరుసను రాసిపెట్టడం, పాత పరదాల గుడ్డ, రంగు, కర్ర కొలతలను నమోదు చేయడం రంగస్థల శాఖలు, అకాడమీలు వెంటనే చేపట్టదగిన పని. ఆ పని జరిగితే, రేపు ఏ కుర్ర సమాజమో మళ్లీ ఊళ్లబాట పట్టాలనుకున్నప్పుడు మొదటి మూట ఎలా కట్టాలో తెలుస్తుంది.